గ్రంథం కాలింది, కలం ఆగలేదు

యూదా రాజు యెహోయాకీము శీతకాలపు భవనంలో కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. యిర్మీయా ప్రవక్త చెబుతుంటే బారూకు సిరాతో రాసిన గ్రంథాన్ని ఆయనకు చదివి వినిపిస్తున్నారు. మూడు నాలుగు భాగాలు చదవగానే రాజు వాటిని చాకుతో కోసి మంటలో వేశాడు. చివరికి గ్రంథమంతా బూడిదయింది. దాని రాత మొదలైంది ఆ రాజు పాలనలోని నాలుగో ఏట, కాలిపోయింది ఐదో ఏట తొమ్మిదో నెలలో (యిర్మీయా 36). నెలల శ్రమ ఒక్క పూటలో పోయింది. అయినా యిర్మీయా మరో గ్రంథం ఇచ్చి చెబుతుంటే బారూకు మొదటి నుంచీ మళ్లీ రాశాడు. కాలిపోయిన మాటలన్నీ అందులో చేరాయి. వాటితోపాటు కొత్త మాటలు కూడా ఎన్నో చేరాయి.

అలాగని బారూకు అలసట ఎరుగనివాడేమీ కాదు. నిట్టూర్పులతో అలసిపోయాననీ, నెమ్మది దొరకడం లేదనీ వాపోయిన విషయాన్ని కూడా బైబిలు దాచలేదు (యిర్మీయా 45). ఆ నిట్టూర్పు గ్రంథం కాలిన తర్వాతది కాదు. రాత సాగుతున్న నాలుగో ఏటిదే! అప్పుడు దేవుడు అతనికి పేరు ప్రతిష్ఠలు వాగ్దానం చేయలేదు. గొప్పవాటిని వెదకవద్దని చెప్పి, ప్రాణం మాత్రం కాపాడతానన్నాడు. బారూకుకు అంతే చాలింది. కలం కింద పెట్టలేదు.

ఏ సంస్థలోనూ నెల జీతం లేకుండా రాతనే నమ్ముకున్న ఫ్రీలాన్స్ రచయితలకు ఆ నిట్టూర్పు బాగా తెలుసు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోనూ ఇలాంటివారు ఉన్నారు. అనువాదాలు చేస్తారు, పత్రికలకు వ్యాసాలు పంపుతారు, ఇతరుల పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతారు. వారికి హాజరు పట్టీ లేదు, అడిగే అధికారి లేడు. బయటివారికి అది స్వేచ్ఛలా కనిపిస్తుంది కానీ ఆ స్వేచ్ఛే ఉచ్చు కూడా అవుతుంది. ఈ రోజు రాయకపోతే ఎవరూ అడగరు, రేపు రాయకపోయినా అడగరు. పంపిన వ్యాసం అచ్చు కాదు, తిరిగీ రాదు. అచ్చయినదానికి పారితోషికం ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంతకీ నువ్వు చేసే పని ఏమిటని ఇంట్లోవారే అడిగితే ఏం చెప్పాలో తోచదు.

ఇలాంటి వేళ మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారి జీవితాన్ని తలచుకోవాలి. ఒకనాటి మహబూబ్‌నగర్ జిల్లా, నేటి జోగులాంబ గద్వాల జిల్లా బోరవెల్లిలో ఆయన 1896లో పుట్టారు. న్యాయశాస్త్రం చదివారు. 1926లో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రికను ప్రారంభించారు. అది నిజాం పాలనా కాలం, తెలుగు చదువుకు ఆదరణ లేని రోజులు. ఆ పత్రికలో సంపాదకుడి పని నుంచి ప్రూఫులు దిద్దే పని దాకా ఆయనే చూసుకునేవారు. రచనలు చాలనప్పుడు తానే వేర్వేరు కలంపేర్లతో రాసి పత్రికను నింపేవారు.

తెలంగాణలో కవులే లేరన్న విమర్శ వచ్చినప్పుడు ఆయన కోపంతో నాలుగు వ్యాసాలు రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు సేకరించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను తెచ్చారు. విమర్శకు అదే జవాబైంది. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం అందుకున్న తొలి గ్రంథం అదే. కానీ దాన్ని చూడటానికి ఆయన లేరు. 1953లోనే కన్నుమూశారు. పురస్కారం కోసమే రాసి ఉంటే ఆ కలం ఎప్పుడో ఆగిపోయేది. తన జాతి చరిత్ర తన భాషలో ఉండాలన్న తపనే ఆయన చేత రాయించింది.

బారూకు, ప్రతాపరెడ్డి చెప్పే సత్యం ఒక్కటే. ఉత్సాహం వస్తే రాద్దామని కూర్చునేవాడు ఏడాదికి నాలుగు పేజీలు రాస్తాడు. ఎవరి కోసం రాస్తున్నాడో తెలిసినవాడు ఉత్సాహం లేని రోజున కూడా ఒక పేజీ రాస్తాడు. రాయడం మొదలుపెట్టాక ఉత్సాహం తరచూ దానంతటదే వెనకాల వస్తుంది.

అందుకు కొంత క్రమశిక్షణ కావాలి. రోజులో ఒక వేళను రాతకే కేటాయించి, ఆ వేళ ఫోన్ పక్క గదిలో పెట్టాలి. రేపు ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేలా ఈ రోజు రాత ఆపాలి. ఏ రచన ఎవరికి, ఏ తేదీన పంపారో, డబ్బు ఎంత రావాలో ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. ఒకచోట జవాబు రాకపోతే తగిన గడువు చూసి మరోచోటికి పంపాలి. ఎదురుచూస్తూ చేతులు ముడుచుకోకుండా తర్వాతి రచన మొదలుపెట్టాలి. వారంలో ఒక రోజు కలానికీ విశ్రాంతి ఇవ్వాలి. సృష్టికర్త ఏడో దినాన విశ్రమించాడు, మనం ఆయనకన్నా బలవంతులం కాము కదా!

మరి ఇల్లు గడిచేదెలా? రాతతో గడవకపోతే మరో పని చేయడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. కొత్త నిబంధనలో ఎన్నో పత్రికలు రాసిన పౌలు కొరింథులో డేరాలు కుట్టి బతికాడు (అపొస్తలుల కార్యములు 18:3). ఆ వృత్తి ఆయన రాతను చిన్నబుచ్చలేదు, ఆయన ఎవరి దయమీదా ఆధారపడకుండా చేసింది. నాగర్‌కర్నూల్ ప్రాంతపు పండితుడు కపిలవాయి లింగమూర్తిగారు కూడా ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూనే పాలమూరు జిల్లా దేవాలయాల చరిత్రను వెదికి గ్రంథంగా రాశారు. పిల్లల ఆకలి తీర్చే పనీ పవిత్రమైనదే. కలాన్ని పూర్తిగా వదలకుండా రోజుకు ఒక గంట దానికిస్తే చాలు, ఏళ్లు గడిచేసరికి ఆ గంటలే గ్రంథమవుతాయి.

నల్లగొండ, పాలమూరు మెట్ట రైతుకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. తొలకరికి వేసిన ఆముదం విత్తు ఎండకు మాడిపోతే అతడు మబ్బును తిట్టుకుంటూ గట్టుమీద కూర్చోడు. మళ్లీ పదునైన రోజున మళ్లీ విత్తుతాడు. రెండోసారి విత్తు దొరకడానికి అప్పు కూడా చేస్తాడు. రచయితకు ఆ కష్టం లేదు. కాలిపోయిన గ్రంథంలోని మాటలు యిర్మీయాలో మిగిలే ఉన్నాయి, తిరిగొచ్చిన వ్యాసంలోని ఆలోచన మీలోనూ మిగిలే ఉంది. కొత్త కాగితం తీసుకోండి. ఈసారి రాసేదాంట్లో మొదటిసారి లేని మాటలు కూడా చేరతాయి.