అంబాసిడర్ కుదుపుకు అసలు కారణం ఏమిటి?

అంబాసిడర్ కారు తెలియని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు. ఒకప్పుడు కలెక్టరు గారు వచ్చినా, పేషెంటును పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలన్నా, పెళ్ళికూతురిని అత్తారింటికి పంపాలన్నా అదే బండి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరి నుంచి 2014 వరకు దీన్ని తయారుచేశారు. తయారీ ఆగిపోయినా, ఉన్న బండ్లను ప్రాణంగా చూసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ పాత బండికి వచ్చే జబ్బుల్లో చాలామంది పొరబడేది ఒకటుంది. అదే ఇంజన్ మౌంటింగ్ పోవడం. మెకానిక్ షెడ్డుల్లో దీన్నే ఫౌండేషన్ అంటారు.

ఫౌండేషన్ ఏం చేస్తుంది?

ఇంజన్‌ను నేరుగా బాడీకి బిగిస్తే దాని అదురంతా మన సీటులోకి వస్తుంది. అందుకే ముందు ఇరువైపులా, వెనక గేర్‌బాక్స్ కింద, ఇనుప ప్లేట్లకు అతికించిన రబ్బరు దిమ్మలు పెడతారు. నాలుగు స్ట్రోకులు, నాలుగు సిలిండర్లు ఉన్న ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేసరికి రెండుసార్లు ఇంధనం మండుతుంది. బండి ఆగి ఉండగా ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుందనుకుంటే, సెకనుకు దాదాపు 27 దెబ్బలు. ఆ దెబ్బలను మింగేది ఈ రబ్బరే.

రెండో పని కూడా ఉంది. న్యూటన్ మూడవ నియమం అందరం చదువుకున్నదే. ఇంజన్ షాఫ్ట్‌ను ఒకవైపు తిప్పితే తాను రెండో వైపుకు ఒరగాలని చూస్తుంది. మొదటి గేరులో, రివర్సులో ఆ బలం మరీ ఎక్కువ. ఆ ఒరుగుడును అదుపులో ఉంచేది కూడా ఈ రబ్బరే.

ఏళ్ళ తరబడి వేడికి రబ్బరు గట్టిపడి పగులుతుంది. ఆయిల్ కారి పడితే ఉబ్బి మెత్తబడుతుంది. చివరికి ప్లేటు నుంచి ఊడిపోతుంది.

లక్షణాలు

బండి నిలబడి ఉండగా స్టీరింగు, గేరు రాడ్డు వణుకుతాయి. క్లచ్ వదిలి కదిలించేటప్పుడు ధన్‌మని శబ్దంతో కుదుపు వస్తుంది. సైలెన్సర్ గొట్టం కింద బాడీకి కొట్టుకుంటుంది. ఫ్యాన్ ఇంజన్‌తో కదులుతుంది, రేడియేటర్ కదలదు. కాబట్టి ఇంజన్ బాగా జరిగితే ఫ్యాన్ రెక్క తగిలి రేడియేటర్ చిల్లుపడే ప్రమాదం ఉంది.

కుదుపు రాగానే అందరూ క్లచ్‌నో, డ్రైవర్‌నో అనుమానిస్తారు. మా నాన్న జీతానికి అంబాసిడర్ నడిపేవాడు. క్లచ్ మీద కాలు పెట్టి తోలుతున్నావంటూ ఓనరు క్లచ్ ప్లేటు ఖర్చు ఆయన జీతంలో కోశాడు. కొత్త ప్లేటు వేసినా కుదుపు పోలేదు. తర్వాత చూస్తే ఎడమవైపు ఫౌండేషన్ రబ్బరు ప్లేటు నుంచి ఊడి ఉంది. రబ్బరు మార్చగానే కుదుపు పోయింది. కోసిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

పరీక్షించే పద్ధతి

మొదట ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టార్చిలైటు వేసి పగుళ్ళు, ఆయిల్ మరకలు చూడాలి. తర్వాత సంపు కింద చెక్క పెట్టి జాకీతో ఇంజన్‌ను కొద్దిగా మాత్రమే లేపాలి. రబ్బరుకీ ప్లేటుకీ మధ్య సందు కనిపిస్తే అది ఊడినట్టే.

మూడో పరీక్షకు ఇద్దరు కావాలి. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫుట్‌బ్రేక్ గట్టిగా తొక్కి, మొదటి గేరులో క్లచ్ కొంచెం వదలాలి. రెండో మనిషి పక్క నుంచి చూడాలి. బండికి ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు. తర్వాత రివర్సులోనూ చేయాలి, ఎందుకంటే అప్పుడు ఇంజన్ రెండో వైపుకు ఒరుగుతుంది. కొద్దిగా ఒరగడం సహజం. ఒకవైపు ఎగిరి పడుతుంటే ఆ వైపు రబ్బరు పోయిందన్నమాట.

ఇతర జబ్బులతో పొరబడకండి

నిలబడి ఉన్నప్పుడు వచ్చే అదురు మిస్సింగ్ వల్ల కూడా కావచ్చు. పెట్రోల్ బండి అయితే, షాక్ కొట్టని పట్టుకారుతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూడండి. ఏది తీసినా ఇంజన్ వేగం తగ్గాలి. తగ్గలేదంటే ఆ సిలిండర్ సరిగా పనిచేయడం లేదు.

అదురు బండి వేగంతో పెరుగుతుంటే, అదే వేగంలో క్లచ్ తొక్కి చూడండి. అప్పటికీ ఉంటే అది ఇంజన్‌ది కాదు. టైర్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు చూడాలి. కదిలేటప్పుడు వచ్చే శబ్దానికి క్రాసులు అరగడమూ కారణం కావచ్చు. ఇంజన్ ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పితే లూజు తెలుస్తుంది. ఇవన్నీ బాగున్నాయంటేనే గేర్‌బాక్స్ దించి క్లచ్ చూడాలి.

ముందువి రెండూ జతగా మార్చడం మంచిది. ఆయిల్ లీకు ముందు ఆపకపోతే కొత్త రబ్బరు కూడా నిలవదు. ఇంజన్ బరువు రబ్బరు మీద సర్దుకున్నాకే బోల్టులు పూర్తిగా బిగించాలి.

ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు తీసుకోబోయే తమ్ముళ్ళకు ఒక్క మాట. శబ్దం వినిపించిన చోటే జబ్బు ఉండాలని లేదు. రేపు మీరు స్పానరు పట్టినప్పుడు, ఖర్చులేని పరీక్షలన్నీ ముందు చేసి, ఆ తర్వాతే బోల్టు విప్పండి. మీరు చెప్పే ఒక్క మాట మీద ఎవరో ఒక డ్రైవర్ నెల జీతం ఆధారపడి ఉండవచ్చు.