అలాస్కా ఓడ ప్రయాణం: ముందు దారి, ఆ తర్వాతే ఓడ

మన కుటుంబాల్లో ఎంతోమంది పిల్లలు ఇప్పుడు సియాటిల్, వాంకూవర్, కాలిఫోర్నియా ప్రాంతాల్లో స్థిరపడ్డారు. వేసవిలో వారిని చూడటానికి వెళ్ళిన తల్లిదండ్రులకు తరచుగా వినిపించే మాట, "ఒక వారం అలాస్కా క్రూయిజ్‌కి వెళ్ళొద్దామా?" అని. ఖర్చు తక్కువ కాదు. చాలామందికి ఇది జీవితంలో ఒకేసారి చేసే ప్రయాణం. అందుకే టికెట్టు కొనే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవడం అవసరం.

సాధారణంగా అందరూ ముందు ఓడను చూస్తారు. ఎన్ని అంతస్తులు, ఎన్ని భోజనశాలలు, ఈత కొలను ఉందా లేదా అని అడుగుతారు. ఇతర ప్రాంతాల క్రూయిజ్‌లకు ఆ పద్ధతి సరిపోవచ్చు. అలాస్కాలో మాత్రం చూడవలసింది ఓడ బయట ఉంటుంది. కాబట్టి ఏ దారిలో వెళ్తుంది, ఏ హిమానీనదం దగ్గర ఆగుతుంది, ఏ రేవులో ఎన్ని గంటలు ఉంటుంది అన్నవి ముందు తేల్చుకోవాలి. ఓడ ఎంపిక ఆ తర్వాత.

అలాస్కా ఎక్కడ ఉంది?

అమెరికాలోని 50 రాష్ట్రాల్లో అన్నిటికన్నా పెద్దది అలాస్కా. 1867లో అమెరికా దీనిని రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకు కొన్నది. మిగతా అమెరికాకు దీనికి మధ్య కెనడా ఉంది. క్రూయిజ్ ఓడలు ఎక్కువగా తిరిగేది ఆగ్నేయ అలాస్కాలో. వేలాది ద్వీపాలకూ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న సన్నని జలమార్గాన్ని 'ఇన్‌సైడ్ ప్యాసేజ్' అంటారు. రెండు వైపులా కొండలు, అడవులు ఉండటం వల్ల సముద్రపు అలల తాకిడి ఇక్కడ తక్కువ. ఓడలు తిరిగే కాలం ఏప్రిల్ చివరి నుంచి అక్టోబర్ వరకు మాత్రమే.

రెండు రకాల ప్రయాణాలు

మొదటిది, బయలుదేరిన రేవుకే తిరిగి వచ్చే ప్రయాణం. సియాటిల్ నుంచి గానీ వాంకూవర్ నుంచి గానీ ఎక్కి, ఏడు రాత్రుల తర్వాత అక్కడే దిగుతారు. విమాన టికెట్లు సులభం, సామాను తిప్పలు తక్కువ. పిల్లలు సియాటిల్‌లో ఉంటే కారులోనే రేవుకు చేరుకోవచ్చు.

రెండవది, ఒకవైపు ప్రయాణం. వాంకూవర్‌లో ఎక్కి ఉత్తరాన సీవార్డ్‌లో గానీ విట్టియర్‌లో గానీ దిగుతారు. కొన్ని ఓడలు ఉత్తరం నుంచి దక్షిణానికి కూడా నడుస్తాయి. తిరిగి వచ్చే దూరం కలిసి వస్తుంది కాబట్టి ఇంకా ఉత్తరాన ఉన్న ప్రాంతాలు చూడగలుగుతారు. సీవార్డ్ నుంచి యాంకరేజ్ నగరం సుమారు 200 కి.మీ. దూరం. అక్కడి నుంచి రైలులో డెనాలీ నేషనల్ పార్కుకు వెళ్ళి, 20,310 అడుగుల ఎత్తున్న ఉత్తర అమెరికా అత్యున్నత శిఖరాన్ని ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున చూడవచ్చు. అయితే యాంకరేజ్ నుంచి తిరుగు విమానం, హోటళ్ళు, రైలు టికెట్లు అన్నీ అదనపు ఖర్చులే. దారిలో అలాస్కా గల్ఫ్ దాటేటప్పుడు సముద్రం కాస్త అల్లకల్లోలంగా ఉండవచ్చు.

సియాటిల్, వాంకూవర్‌ల మధ్య కూడా ఒక ముఖ్యమైన తేడా ఉంది. వాంకూవర్ నుంచి బయలుదేరే ఓడలు ఎక్కువగా వాంకూవర్ ద్వీపానికి లోపలి వైపున, ప్రశాంతమైన నీటిలో వెళ్తాయి. సియాటిల్ ఓడలు సాధారణంగా ఆ ద్వీపానికి బయటి వైపున, పసిఫిక్ మహాసముద్రం మీదుగా వెళ్తాయి. వాంతులు, తల తిరగడం వంటి ఇబ్బంది ఉన్నవారు, వృద్ధులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

కెనడా వీసా సంగతి

భారత పాస్‌పోర్టు ఉన్నవారు అన్నిటికన్నా ముందు చదవవలసిన భాగం ఇది.

అమెరికాలో 1886లో చేసిన ఒక చట్టం ప్రకారం, విదేశాల్లో నమోదైన ఓడ ప్రయాణికులను అమెరికా రేవులో ఎక్కించుకుని, మధ్యలో ఏ విదేశీ రేవునూ తాకకుండా అమెరికా రేవులోనే దింపడానికి వీలు లేదు. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ బహమాస్, బెర్ముడా, పనామా, నెదర్లాండ్స్ వంటి దేశాల్లో నమోదైనవే. అందువల్ల సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగే ప్రయాణంలో కూడా ఓడ కెనడాలోని ఒక రేవులో ఆగక తప్పదు. సాధారణంగా అది చివరి సాయంత్రం విక్టోరియా నగరం. 2021లో కరోనా వల్ల కెనడా తన రేవులను మూసివేసినప్పుడు, అలాస్కా క్రూయిజ్‌లు నడవడానికి అమెరికా ప్రభుత్వం తాత్కాలికంగా ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది.

దీని అర్థం ఏమిటంటే, అమెరికా సందర్శక వీసాపై వెళ్ళిన తల్లిదండ్రులకు కెనడా విజిటర్ వీసా కూడా కావాలి. "విక్టోరియాలో మేము ఓడ దిగం" అని చెప్పినా ఈ అవసరం తప్పదు. ఓడ కెనడా నుంచి మళ్ళీ అమెరికాలోకి వస్తుంది కనుక అమెరికా వీసా ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశానికి పనికివచ్చేదై ఉండాలి. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవారికి కెనడా వీసా అవసరం లేదు. పాస్‌పోర్టు, కార్డు రెండూ దగ్గర ఉంచుకోవాలి. ఇంట్లో కొడుక్కి గ్రీన్ కార్డు, కోడలికి వర్క్ వీసా, తల్లిదండ్రులకు సందర్శక వీసా ఉండటం మనకు మామూలే. ఒక్కొక్కరి పత్రాలను విడివిడిగా సరిచూసుకోవాలి. పత్రం లేని వ్యక్తిని ఓడ ఎక్కనివ్వరు, కట్టిన డబ్బు కూడా సాధారణంగా తిరిగి రాదు. కాబట్టి కెనడా వీసా చేతికి వచ్చేదాకా రద్దు చేసుకోవడానికి వీలులేని టికెట్టు కొనవద్దు.

ఏ హిమానీనదం?

అలాస్కా వెళ్ళేవారు ముఖ్యంగా చూడాలనుకునేది సముద్రం దాకా వచ్చి నిలిచిన మంచు నదిని. కిలోమీటర్ల పొడవున కొండల మీది నుంచి దిగివచ్చిన నీలిరంగు మంచుగోడ నుంచి పెద్ద పెద్ద పెళ్ళలు విరిగి నీటిలో పడతాయి. ఆ చప్పుడు ఉరుములా వినిపిస్తుంది. ఏ ఓడ ఎక్కడికి వెళ్తుందో చూసుకోండి.

గ్లేసియర్ బే: ఇది నేషనల్ పార్కు, ప్రపంచ వారసత్వ ప్రదేశం. రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలను మాత్రమే లోపలికి అనుమతిస్తారు. పార్కు అధికారులే ఓడ ఎక్కి, రోజంతా అక్కడి విశేషాలు వివరిస్తారు. 1794లో నావికులు వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు పూర్తిగా మంచుతో నిండి ఉండేది. ఇప్పుడు ఓడలు సుమారు 100 కి.మీ. లోపలికి వెళ్ళగలుగుతున్నాయి. మొదటిసారి వెళ్ళేవారు ఇది ఉన్న ప్రయాణాన్ని ఎంచుకోవడం మంచిది. అన్ని కంపెనీల ఓడలకూ ఇక్కడికి అనుమతి ఉండదు కనుక టికెట్టులో ఆ పేరు స్పష్టంగా ఉందో లేదో చూడండి.

హబ్బర్డ్: సుమారు 120 కి.మీ. పొడవైన హిమానీనదం. సముద్రాన్ని తాకే దాని ముఖమే దాదాపు 10 కి.మీ. వెడల్పు. ఒకవైపు ప్రయాణాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఎండికాట్ ఆర్మ్, ట్రేసీ ఆర్మ్: ఎత్తైన కొండల మధ్య సన్నని నీటి సందులు. చాలా అందమైనవే, కానీ తేలే మంచుగడ్డలు ఎక్కువగా ఉన్న రోజున పెద్ద ఓడ మంచుగోడ దగ్గరి దాకా వెళ్ళలేదు.

ఓడ దిగకుండానే చూడగలిగేవి ఇవి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు కూడా డెక్ మీద కుర్చీలో కూర్చుని తృప్తిగా చూడవచ్చు.

రేవులు

జూనో అలాస్కా రాజధాని. బయటి ఊళ్ళ నుంచి ఇక్కడికి రోడ్డు లేదు. ఓడలో గానీ విమానంలో గానీ రావాలి. ఊరి నుంచి సుమారు 20 కి.మీ. దూరంలో మెండెన్‌హాల్ హిమానీనదం ఉంది. తిమింగలాలను చూసే పడవలు కూడా ఇక్కడి నుంచే ఎక్కువ. రద్దీ పెరగడం వల్ల 2024 నుంచి ఇక్కడ రోజుకు ఐదు పెద్ద ఓడలనే అనుమతిస్తున్నారు.

స్కాగ్‌వే 1897-98 నాటి బంగారు వేటలో పుట్టిన ఊరు. 1898-1900 మధ్య కట్టిన చిన్న గేజి రైలు సుమారు 20 మైళ్ళలో సముద్రమట్టం నుంచి దాదాపు 2,900 అడుగుల ఎత్తుకు తీసుకెళ్తుంది. నడవలేని వారికీ ఇది అనువైన విహారం.

కెచికాన్‌లో ఏడాదికి సుమారు 3,800 మి.మీ. వర్షం పడుతుంది. సాల్మన్ చేపలకూ, స్థానిక తెగలు చెక్కిన టోటెమ్ స్తంభాలకూ ప్రసిద్ధి. కొన్ని పెద్ద ఓడలు ఊరికి దూరంగా ఉన్న వార్డ్ కోవ్‌లో ఆగుతాయి. అక్కడి నుంచి బస్సులో రావాలి.

సిట్కా ఒకప్పటి రష్యన్ అలాస్కా రాజధాని. 1867 అక్టోబర్ 18న ఆ నేల అమెరికాకు అప్పగించినది ఇక్కడే.

ఒక రేవులో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 వరకు ఆగే ఓడకూ, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఆగే ఓడకూ చాలా తేడా ఉంది. పేర్లతో పాటు గంటలను కూడా పోల్చి చూడండి.

ఇప్పుడు ఓడ

నాలుగు వేల మంది పట్టే పెద్ద ఓడల్లో పిల్లలకు ఆటలు, పెద్దలకు వినోదాలు ఎక్కువ. మూడు తరాల కుటుంబం కలిసి వెళ్తే ఇవి అనుకూలం. రెండు వేల మంది పట్టే మధ్యస్థాయి ఓడల్లో హడావిడి తక్కువ, డెక్ మీద చోటు సులభంగా దొరుకుతుంది. వంద మంది లోపు పట్టే చిన్న ఓడలు ఇరుకైన అఖాతాల్లోకి కూడా వెళ్తాయి, కానీ వాటి ధర చాలా ఎక్కువ.

గది విషయంలో, బాల్కనీ ఉంటే చలిలో జనం మధ్య నిలబడకుండా గదిలో నుంచే చూడవచ్చు. డబ్బు పరిమితంగా ఉంటే, బాల్కనీ లేని గది తీసుకుని గ్లేసియర్ బే ఉన్న దారిని ఎంచుకోవడమే మేలు. డెక్ అందరిదీ. కుదుపు తక్కువగా ఉండాలంటే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో గది అడగండి.

ఏ నెల?

మే, జూన్‌లలో వాన కాస్త తక్కువ, కొండల మీద మంచు ఎక్కువ. జూలై, ఆగస్టులలో కొంచెం వెచ్చగా ఉంటుంది. సాల్మన్ చేపలు వాగుల్లోకి ఎదురీదే కాలం కనుక ఎలుగుబంట్లు కనిపించే అవకాశమూ ఎక్కువ. అయితే ధరలు, రద్దీ కూడా అప్పుడే ఎక్కువ. సెప్టెంబరులో ధర తగ్గుతుంది, వానలు పెరుగుతాయి. నడి వేసవిలో కూడా జూనోలో పగటి వేడి సగటున 18 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఒకదానిపై ఒకటి వేసుకునే దుస్తులు, వాన కోటు తప్పనిసరి.

జూన్ చివర్లో జూనోలో సూర్యోదయం ఉదయం 4 కన్నా ముందే, సూర్యాస్తమయం రాత్రి 10 దాటాక. అర్ధరాత్రి కూడా పూర్తి చీకటి పడదు. ఇషా, ఫజర్ వేళలు ఎలా పాటించాలో బయలుదేరే ముందే తెలిసిన పెద్దలను అడగడం మంచిది. అలాస్కా గడియారం సియాటిల్ కన్నా ఒక గంట వెనుక.

భోజనం, ఖర్చు, ఆరోగ్యం

హలాల్ భోజనం కావాలంటే టికెట్టు కొనేటప్పుడే లిఖితపూర్వకంగా అడగండి. ఇది ఒక్కో కంపెనీలో ఒక్కో విధంగా ఉంటుంది. ఓడ ఎక్కాక అడిగితే ఏర్పాటు కష్టం. చేపలు, కూరగాయల వంటకాలు ఎలాగూ దొరుకుతాయి. వంటలో వైన్ కలిపారేమో అడిగి తెలుసుకోవాలి.

ప్రకటనలో కనిపించే ధర మొత్తం ఖర్చు కాదు. సాధారణంగా ఒక గదిలో ఇద్దరు ఉన్నప్పుడు ఒక్కొక్కరికి పడే ధర అది. దానిపై రేవు పన్నులు, సిబ్బందికి ఇచ్చే రోజువారీ టిప్పులు, ఇంటర్నెట్టు, రేవుల్లో విహారాలు కలుస్తాయి. తిమింగలాల పడవ, రైలు వంటివి నలుగురు సభ్యుల కుటుంబానికి చిన్న మొత్తం కాదు. ప్రతి రేవులోనూ డబ్బు పెట్టనవసరం లేదు. ఒకటి రెండు మంచివి ఎంచుకుని మిగతాచోట్ల ఊరు నడిచి చూడండి.

ఓడలో వైద్యుడు ఉంటాడు, కానీ చికిత్స ఖరీదైనది. గుండెనొప్పి వంటిది వస్తే హెలికాప్టరులో ఆసుపత్రికి తరలించవలసి రావచ్చు. అందుకే పెద్దలకు పాత జబ్బులను కూడా కవర్ చేసే ప్రయాణ బీమా తీసుకోండి. అమెరికా వెళ్ళేటప్పుడు తీసుకున్న బీమా ఓడలోనూ కెనడాలోనూ పనిచేస్తుందో లేదో అడగండి. రోజూ వేసుకునే మందులు పది రోజులకు అదనంగా చేతిసంచిలోనే ఉంచుకోండి.

ఎవరికి ఏది?

వృద్ధులతో, చిన్నపిల్లలతో వెళ్ళేవారికి వాంకూవర్ నుంచి బయలుదేరి తిరిగి వాంకూవర్‌కే వచ్చే, గ్లేసియర్ బే ఉన్న ప్రయాణం అన్ని విధాలా సరిపోతుంది. పిల్లలు సియాటిల్‌లో ఉండి, విమాన ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే సియాటిల్ ఓడ మంచిదే. బయటి సముద్రపు కుదుపుకు సిద్ధంగా ఉండాలి. పది, పన్నెండు రోజుల వ్యవధి, ఓపిక ఉన్న దంపతులు వాంకూవర్ నుంచి సీవార్డ్‌కు వెళ్ళి డెనాలీ కూడా చూసి రావచ్చు.

ఏది ఎంచుకున్నా పని వరుస ఒకటే: పాస్‌పోర్టులు, వీసాలు, ఆ తర్వాత దారి, హిమానీనదం, ఆ తర్వాత నెల, చివరకు ఓడ, గది. ఈ వరుసలో కూర్చుని కుటుంబమంతా ఒక సాయంత్రం మాట్లాడుకుంటే, కష్టపడి కూడబెట్టిన డబ్బుకు తగిన ప్రయాణం దొరుకుతుంది.