ఇటుక ఇటుకా చదివిన నార మిల్లు

ఇంగ్లండ్‌కు పడమటి అంచున, వేల్స్ సరిహద్దుకు దగ్గరగా ష్రూస్‌బరీ అనే పాత పట్నం ఉంది. దాని శివారు డిథరింగ్టన్‌లో 1797లో కట్టిన ఐదంతస్తుల ఇటుక మిల్లు ఇప్పటికీ నిలబడి ఉంది. రోడ్డు మీంచి చూస్తే ఏదో పాత గోదాము అనుకుంటాం. లోపలికి అడుగుపెడితే మాత్రం స్తంభాలు, దూలాలు అన్నీ పోత ఇనుమువే. లోపలి చట్రమంతా ఇనుముతో కట్టిన భవనాల్లో ప్రపంచంలోకెల్లా మొదటిది ఇదే.

అప్పట్లో మిల్లు యజమానులకు నిద్ర పట్టనివ్వనిది నిప్పు. కర్ర దూలాలు, నూనె ఇంకిన చెక్క నేలలు, వెలుతురు కోసం వెలిగించిన దీపాలు, వీటికి తోడు గాలిలో తేలే నారదుమ్ము. ఒక్క రవ్వ పడితే చాలు, మిల్లు మొత్తం కాలిపోయేది. లీడ్స్‌లో అవిసె నార వడికే జాన్ మార్షల్‌కు ఆ దెబ్బ 1796లో తగిలింది. ష్రూస్‌బరీ ఉన్ని వర్తకులైన బెన్యన్ సోదరులు అప్పటికే ఆయన భాగస్థులు. కొత్త మిల్లు కాలని మిల్లు కావాలనుకున్నారు. దాన్ని గీసిపెట్టిన ఛార్లెస్ బేజ్ పెద్ద పేరున్న ఇంజనీరేమీ కాదు. వైన్ వ్యాపారం చేస్తూ భూముల సర్వే చేసే మనిషి. అంతకుముందే డెర్బీలో విలియం స్ట్రట్ ఇనుప స్తంభాలు వాడాడు గానీ వాటి మీద దూలాలు కర్రవే. వాటిని నిప్పునుంచి కాపాడటానికి పైన ప్లాస్టరు పూశాడు. స్ట్రట్‌తో ఉత్తరాలు నడుపుతూనే బేజ్ మరో అడుగు వేసి దూలాలను కూడా ఇనుముతోనే పోయించాడు. పోత పని ష్రూస్‌బరీలోనే, విలియం హేజల్‌డైన్ కొలిమిలో జరిగింది.

ఒక్క స్తంభం దగ్గర ఆగి చూస్తే బేజ్ ఆలోచన తెలుస్తుంది. అది గుండ్రంగా ఉండదు, అడ్డంగా కోసి చూస్తే కూడిక గుర్తులా ఉంటుంది. పైనా కిందా సన్నగా, నడుమ లావుగా ఉంటుంది. సన్నని స్తంభం వంగేది నడిమి భాగంలోనే కాబట్టి ఇనుము ఎక్కువగా అక్కడే పోయించాడు. మిల్లు పొడవునా ఇలాంటి స్తంభాలు మూడు వరసలుగా సాగుతాయి. వాటి మీద అడ్డంగా దూలాలు, దూలానికీ దూలానికీ మధ్య ఇటుక కమానులు, ఆ కమానుల మీద నేల. మన ఊళ్ళలో బ్రిటిష్ కాలపు రైల్వే స్టేషన్లలో, కచేరీల్లో ఇనుప గర్డర్ల నడుమ ఇటుక కమానులున్న పైకప్పు చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. అక్కడ కనిపించేదీ ఈ పద్ధతే.

ఆకాశహర్మ్యాలకు ఇది తాత అని చాలామంది రాస్తుంటారు. ఆ మాటను కొంచెం సర్దుకుని చదవాలి. ఇక్కడ దూలాల చివరలు బయటి ఇటుక గోడల మీదే ఆనుతాయి. బరువంతా మోసేది ఇనుప చట్రం ఒక్కటే కాదు, గోడలూ పాలు పంచుకుంటాయి.

నార వడకడం 1886లో ఆగిపోయింది. 1897లో ఒక మాల్టు వ్యాపారి దీన్ని కొన్నాడు. బార్లీని నానబెట్టి, నేల మీద పరిచి మొలకెత్తించి, బీరు తయారీకి పంపే పని అది. వడికేవాళ్ళకు వెలుతురు కావాలి, బార్లీకి అది అక్కర్లేదు. అందుకని పెద్ద పెద్ద కిటికీలను ఇటుకలతో పూడ్చి చిన్న కంతలు మిగిల్చారు. రెండో ప్రపంచయుద్ధంలో కొన్నాళ్ళు సైనికుల బస అయింది. 1987లో మాల్టు పని కూడా ఆగి, మిల్లు పాడుబడింది. దీని విలువ లోకానికి తెలిసింది ఇరవయ్యో శతాబ్దం నడుమనే. 1950లో అమెరికన్ చరిత్రకారుడు టర్పిన్ బానిస్టర్, ఆ తర్వాత ఇంజనీరు స్కెంప్టన్ తమ వ్యాసాలతో దీన్ని భవన చరిత్రలోకి ఎక్కించారు.

2005లో ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ మిల్లును కొన్నది. పరిశోధకులు దీన్ని గది గదినా కొలిచి, గీసి, ఫొటోలు తీసి నమోదు చేశారు. ఆ పని ఫలితాలు 2015లో పుస్తకంగా వచ్చాయి. పురావస్తు శాస్త్రమంటే తవ్వకాలే గుర్తొస్తాయి గానీ, నిలబడి ఉన్న గోడను పొర పొరగా చదవడం కూడా అందులో భాగమే. అతుకు ఎక్కడుంది, ఏ కన్నం ఎప్పుడు పూడ్చారు, ఏ బోల్టు దేన్ని పట్టుకుంది అని ప్రతిదాన్నీ అడుగుతూ పోవాలి. ఎంతో ఓపిక కావాల్సిన పని ఇది.

ఇటుకనే తీసుకోండి. ఇక్కడి పాత గోడల్లో మామూలు కంటే పెద్ద ఇటుకలున్నాయి. కారణం పన్ను. 1784లో బ్రిటన్ ప్రభుత్వం ఇటుకల మీద వెయ్యికింత అని పన్ను వేసింది. లెక్క సంఖ్యను బట్టే కాబట్టి సైజు పెంచితే పన్ను తగ్గుతుంది. 1803లో ప్రభుత్వం మేలుకుని పెద్ద ఇటుకల మీద పన్ను రెట్టింపు చేసింది. అంటే ఇటుక కొలత చేతిలో ఉంటే గోడ వయసు గురించి ఒక ఆధారం దొరికినట్టే.

మిల్లు పక్కనే దానికి అడ్డంగా ఉన్న భవనం కథ మరొకటి. దాన్ని మొదట ఇనుప చట్రం లేకుండానే కట్టారు. 1811లో అది కాలిపోయింది. మరుసటి ఏడు ఇనుముతో తిరిగి కట్టారు. నిప్పుకు భయపడి ఇంత మిల్లు కట్టినవాళ్ళే పక్కనే ఖర్చు చూసుకున్నారన్నమాట.

అయితే ఇటుకా ఇనుమూ అన్నీ చెప్పవు. ఆవరణలోనే 1812 నాటి అప్రెంటిస్ ఇల్లు ఉంది. పనిలో పెట్టిన పిల్లలను ఉంచిన చోటు అది. గదుల కొలతలు నక్షాలో దొరుకుతాయి. అందులో పడుకున్న పిల్లలు పగలు ఏం పడ్డారో తెలియాలంటే 1832 నాటి పార్లమెంటరీ కమిటీ సాక్ష్యాలు తెరవాలి. మైఖేల్ శాడ్లర్ అధ్యక్షతన జరిగిన ఆ విచారణలో జోనథన్ డౌన్ అనే మనిషి ఏడేళ్ళ వయసులో ఈ మిల్లులో చేరానని చెప్పాడు. కునికిపాట్లు పడే పిల్లాణ్ణి మేస్త్రీ పిలిచి, కాళ్ళు పట్టుకుని, గది మూలనున్న ఇనుప నీళ్ళతొట్టిలో ముంచి, మళ్ళీ పనిలోకి పంపేవాడని వివరించాడు. ఆ సాక్ష్యం చదివినవారు ఇక్కడి ఇనుప స్తంభాల అందాన్ని ఒక్కటే మెచ్చుకుని ఊరుకోలేరు. మిల్లు చరిత్ర రాసేవారెవరైనా రెండింటినీ పక్కపక్కనే పెట్టాలి.

నమోదు చేసిన దానితో మరమ్మతుల్లోనూ పని పడింది. గోడలకు బిగువు కోసం మొదట కట్టినవాళ్ళు ఇటుకల మధ్య కర్ర దుంగలు పొదిగారు. రెండు శతాబ్దాల తేమకు అవి పుచ్చిపోయి గోడలు బలహీనపడ్డాయి. మరమ్మతు చేసినవారు పుచ్చిన దుంగలు తీసి, ఆ చోట ఇటుక కట్టారు. మాల్టు కాలంలో పూడ్చిన కిటికీల్లో కొన్నిటిని తిరిగి పెద్దవిగా తెరిచారు. కొన్ని చిన్న కిటికీలను, మాల్టు బట్టీనీ ఉంచేశారు. వడికిన కాలం ఒక్కటే చరిత్ర కాదని, బార్లీ ఆరబోసిన తొంభై ఏళ్ళకూ ఇందులో వాటా ఉందని వారు గుర్తించడం మెచ్చుకోవాల్సిన సంగతి. 2022 సెప్టెంబరులో మిల్లు సందర్శకులకు తలుపులు తెరిచింది.