వెర్నాట్సా: ఊరిని మోసేది రాతి గోడలే!

ఈ ఊరిని రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. చిన్న హార్బర్, చుట్టూ గులాబీ, పసుపు రంగు ఇళ్లు, పైన ఒక రాతి బురుజు. పేరు వెర్నాట్సా. ఇటలీ వాయవ్య తీరంలో, లిగూరియా ప్రాంతంలో ఉంది. జనాభా వెయ్యి కూడా లేదు. 2011 అక్టోబర్ 25న ఈ ఊరు బురదలో పూడిపోయింది. ఎందుకలా జరిగిందో ఇవాళ చూద్దాం.

ముందు మ్యాప్ చూడండి. ఇక్కడ కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోతాయి. చదును నేల దాదాపు లేదు. ఈ తీరంలో వరసగా ఐదు ఊళ్లున్నాయి, వాటన్నింటినీ కలిపి చింక్వె టెర్రె అంటారు. పడవలు ఆగడానికి మంచి సహజ హార్బర్ ఉన్నది వెర్నాట్సాకే. అందుకే మధ్యయుగంలో జెనోవా రిపబ్లిక్ దీన్ని తన చేతిలో పెట్టుకుంది. ఆ బురుజు సముద్రపు దొంగల మీద కాపలాకి కట్టిందే.

సరే, చదును లేకపోతే తిండి ఎలా? కొండని మెట్లు మెట్లుగా చెక్కారు. ఒక్కో మెట్టుకీ ఒక రాతి గోడ. సిమెంట్ లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి పేర్చడమే. దాని వెనక మట్టి నింపి ద్రాక్ష, ఆలివ్ వేశారు. ఇలా తరతరాలుగా, వందల ఏళ్లు!

ఇందులో ఇంజనీరింగ్ ఏంటంటే, వాన నీరు రాళ్ల సందుల్లోంచి మెల్లగా బయటికి పోతుంది, మట్టి మాత్రం ఆగుతుంది. కానీ ఒక రాయి జారినా వెంటనే సర్దాలి. వదిలేస్తే నీరంతా ఆ ఖాళీ వైపే తోసుకొస్తుంది. గోడ ఉబ్బుతుంది, కూలుతుంది, పైమట్టి కిందికొస్తుంది.

మరి సర్దేవాళ్లు ఏమయ్యారు? 19వ శతాబ్దం రెండో సగంలో దగ్గర్లోని లా స్పెట్సియాలో నౌకాదళ ఆర్సెనల్ వచ్చింది. 1870లలో రైలు వచ్చింది. నెల జీతం దొరుకుతుంటే, రాళ్లు మోస్తూ కొండెక్కేదెవరు? తర్వాత టూరిజం వచ్చింది. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు, 1999లో నేషనల్ పార్క్. పేరు పెరిగింది, పొలాల్లో మనుషులు తగ్గారు.

ఇంకో విషయం. ఊరి మెయిన్ వీధి కిందే ఒక వాగు పారుతుంది. వాగు మీద కప్పు వేసి వీధి చేసుకున్నారు. ఆ రోజు కొన్ని గంటల్లోనే కుండపోత వాన. కొండచరియలు విరిగి మట్టి, రాళ్లు, చెట్లు వాగులో పడ్డాయి. కింద దారి చాల్లేదు, అంతా వీధి మీదికే వచ్చింది. గ్రౌండ్ ఫ్లోర్లు పూడిపోయాయి, కార్లు సముద్రంలోకి కొట్టుకుపోయాయి. ఊళ్లో ముగ్గురు చనిపోయారు. జనాన్ని పడవల్లో తరలించారు.

తప్పంతా గోడలదే అనలేం. అలాంటి వానకి ఏ ఊరైనా వణుకుతుంది. కానీ తర్వాత పరిశోధకులు ఆ కొండల్ని పరిశీలిస్తే, సాగులో ఉన్న మెట్ల కంటే ఈమధ్య వదిలేసిన మెట్లే ఎక్కువ జారాయని తేలింది.

ఊరు మళ్లీ లేచింది. గోడలు కట్టడం కొత్తవాళ్లకి నేర్పిస్తున్నారు. సిమెంట్ లేకుండా రాతి గోడ కట్టే ఈ విద్యని 2018లో యునెస్కో కూడా గుర్తించింది.

ఈసారి ఆ రీల్ కనబడితే, రంగుల ఇళ్ల మీదే ఆగకండి. కొంచెం జూమ్ చేసి పైన కొండ చూడండి. సన్నని గీతల్లా కనిపించేవే ఆ గోడలు. కింద ఇళ్లకి అసలు కాపలా అవే.