లా స్టూడెంట్స్ టీమ్‌లో ఎవరి పని ఏంటి? వియన్నా నుంచి రాజమండ్రి దాకా

వీడియో చూసే తీరిక లేనివాళ్ల కోసం, డేటా అయిపోయి కూర్చున్నవాళ్ల కోసం ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాం. బస్సులో కూర్చుని చదివేసుకోండి.

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మా లా కాలేజీలో లీగల్ ఎయిడ్ క్లబ్ పెట్టాం. ప్రెసిడెంట్ అయిపోయాడు, సెక్రటరీ అయిపోయాడు, ఫొటో కూడా దిగాం. ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం భయమేసింది. ఎందుకంటే మేమూ సరిగ్గా అలాగే మొదలెట్టాం. అక్కడే బోల్తా పడ్డాం కూడా.

ఆ కథ ముందు చెప్పేస్తాను.

2022 జులై. గోదావరి వరద మీకు గుర్తుండే ఉంటుంది. దౌలేశ్వరం బ్యారేజీ దగ్గర 17.75 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఆ ఏడాది 25 లక్షలు దాటింది. లంక గ్రామాల్లో ఇళ్లల్లోకి నీళ్లు, పడవల మీద పాలప్యాకెట్లు, గట్ల మీద పశువులు. నీళ్లు తీశాక మేం ఓ పదిమందిమి లా స్టూడెంట్లం ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అర్జీలు రాసిపెడతాం రండి అన్నాం.

ఒక లంక నుంచి ఒకావిడ వచ్చారు. యాభై ఏళ్లు ఉంటాయి. పడిపోయిన గోడ ఫొటో, ఆధార్ జిరాక్స్, రేషన్ కార్డు, అన్నీ ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి తెచ్చారు. నష్టం లిస్టులో పేరు రాలేదని ఆవిడ బాధ. మా ప్రెసిడెంట్ ఆ కాగితాలన్నీ తన ఫోన్‌తో ఫొటోలు తీసుకున్నాడు. "మేం రాసిపెడతామండి, ఫోన్ చేస్తాం" అన్నాడు. మంచివాడే, మోసం చెయ్యాలని కాదు. వారం తిరక్కుండా వాడికి హైదరాబాద్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చింది, వెళ్లిపోయాడు. ఫోన్ మార్చాడు. కాగితాలు వాడి పాత ఫోన్‌లో, ఆవిడ నంబరు వాడి బుర్రలో. మిగతా తొమ్మిది మందికీ ఎవరేం అడిగారో కూడా తెలీదు.

ఆవిడ మళ్లీ వచ్చేసరికి అభ్యంతరాలు పెట్టుకునే గడువు అయిపోయింది. గట్టిగా ఒక్క మాట కూడా అనలేదండి. "మీరు రాసిపెడతామన్నారు కదా బాబూ, అందుకే నేను ఇంకెవర్నీ అడగలేదు" అన్నారు, అంతే.

మేం సాయం చెయ్యకపోవడం ఒక తప్పు. చేస్తామని చెప్పి, ఆవిడ ఇంకో చోటికి వెళ్లకుండా ఆపేశాం, అది ఇంకా పెద్ద తప్పు. ఆ రోజు నుంచి నేను ఒకే విషయం వెతుకుతూ వచ్చాను: స్టూడెంట్ల టీమ్ ఎలా నడవాలి?

వెతుకుతుంటే దొరికిన పెద్ద ఉదాహరణ యూరప్‌లో ఉంది. పేరు ఎల్సా. అమ్మాయి పేరు కాదు లెండి, యూరోపియన్ లా స్టూడెంట్స్ అసోసియేషన్ అనే పేరుని పొట్టి చేస్తే వచ్చింది. 1981 మే 4న వియన్నాలో పుట్టింది. పెట్టింది ఎవరో మంత్రులు కాదు, ఆస్ట్రియా, హంగరీ, పోలండ్, పశ్చిమ జర్మనీ దేశాల లా స్టూడెంట్లు. ఆ ఏడాది గుర్తుపెట్టుకోండి. బెర్లిన్ గోడ ఇంకా నిలబడే ఉంది. హంగరీ, పోలండ్ ఒక శిబిరం, పశ్చిమ జర్మనీ ఇంకో శిబిరం. వాళ్ల పిల్లలు ఒక గదిలో కూర్చుని "మన చదువు ఒకటే కదా, కలిసి చేద్దాం" అనుకున్నారు. ఇప్పుడది నలభైకి పైగా దేశాల్లో ఉంది. ప్రధాన ఆఫీసు బ్రస్సెల్స్‌లో.

ఇది మూడంతస్తుల ఇల్లు లాంటిది. పైన అంతర్జాతీయ బోర్డు, మధ్యలో ఒక్కో దేశానికి ఒక బోర్డు, కింద ఒక్కో యూనివర్సిటీలో లోకల్ బోర్డు. అసలు పని నడిచేది కింద అంతస్తులోనే. అక్కడ ఎవరెవరు ఉంటారో చూద్దాం.

ప్రెసిడెంట్: టీమ్ మొత్తాన్ని చూసుకుంటాడు, బయటివాళ్లతో మాట్లాడతాడు. డీన్ దగ్గరికి, లాయర్ల ఆఫీసులకి వెళ్లేది ఇతనే. అన్ని పనులూ నెత్తినేసుకునేవాడు మాత్రం కాదు. మేం తప్పుగా అర్థం చేసుకున్నది ఇదే.

సెక్రటరీ జనరల్: లోపలి ఇల్లు చక్కబెట్టేది ఈ పోస్టు. ఎవరు సభ్యులు, మీటింగ్‌లో ఏం అనుకున్నాం, కాగితాలు ఎక్కడున్నాయి, కొత్తవాళ్లకి ఎవరు నేర్పుతారు, ఇవన్నీ. చూడ్డానికి గ్లామర్ లేని కుర్చీ. కానీ ఆవిడ ప్లాస్టిక్ కవర్ మా దగ్గర పోయిందంటే, ఈ కుర్చీ ఖాళీగా ఉండబట్టే.

ట్రెజరర్: డబ్బు లెక్క. మనకి డబ్బెక్కడిది అంటారా? జిరాక్సులకి వేసుకున్న చందా కూడా లెక్కే. 200 రూపాయల దగ్గర విడిపోయిన స్నేహాలు నేను చూశాను.

ఆ తర్వాత వైస్ ప్రెసిడెంట్లు. మన దగ్గర వైస్ అంటే ఉత్సవ విగ్రహం. అక్కడ అలా కాదు, ఒక్కో వైస్ ప్రెసిడెంట్‌కి ఒక్కో పని పేరుతో సహా ఉంటుంది. ఒకరికి మూట్ కోర్టు పోటీలు, అంటే ఉత్తుత్తి కేసు మీద నిజంగా వాదించే పోటీ. ఒకరికి సెమినార్లు, ఒకరికి చదువు, వ్యాసాలు, ఒకరికి ప్రచారం. ఇంకొకరికి వేరే దేశంలో ట్రైనింగ్‌కి స్టూడెంట్లని పంపే పని. ఈ పోస్టుల పేర్లు అప్పుడప్పుడు మారుతుంటాయి, సూత్రం మాత్రం మారలేదు: పని ముందు, మనిషి తర్వాత. మనం ముందు మనిషికి పదవి ఇచ్చేసి, ఆ తర్వాత వాడికి పని వెతుకుతాం.

ఇలా నడిపి ఏం సాధించారు అంటే ఒక్కటి చెప్తాను. ప్రపంచ వాణిజ్య చట్టం మీద వీళ్లు నడిపే జాన్ హెచ్. జాక్సన్ మూట్ కోర్టు పోటీకి యూరప్ బయటి దేశాల నుంచి కూడా టీములు వస్తాయి. మన దేశపు లా యూనివర్సిటీల పిల్లలూ ఇందులో వాదిస్తారు. ఇంత పెద్ద పోటీ వెనకున్నది స్టూడెంట్ల సంఘమే.

ఇంకో ముఖ్యమైన సంగతి. వీళ్లు మామూలుగా ఏడాదికోసారి సభ్యుల మీటింగ్‌లో బోర్డుని ఎన్నుకుంటారు. ఏడాది తిరిగేసరికి దిగిపోవాలి. దిగిపోయేటప్పుడు పాతవాళ్లు కొత్తవాళ్ల పక్కన కూర్చుని పని అప్పగించి వెళ్లాలి. ఏడాదికో టీమ్ మారుతున్నా సంస్థ నలభై ఏళ్లు దాటి బతికిందంటే దాని గుట్టు ఇదే.

ఇక్కడ ఒక డౌట్ వస్తుంది. ఇది స్టూడెంట్ యూనియన్ లాంటిదేనా? కాదండి. యూనియన్ అంటే స్టూడెంట్ల తరఫున మేనేజ్‌మెంట్‌ని అడిగేది, దానికి ఎన్నికలు, వాటికి రూల్సు వేరే. లింగ్డో కమిటీ సిఫార్సుల్ని అమలు చెయ్యమని సుప్రీం కోర్టు 2006లో చెప్పింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, హాజరు 75 శాతం ఉండాలి, ఇలాంటివి. ఎల్సా లాంటి టీమ్ ఏ పార్టీకీ చెందదు, దాని పని చదువు, సేవ.

మరి మన దగ్గర లా స్టూడెంట్లకి ఏం చెయ్యడానికి హక్కుంది? కోర్టులో నిలబడి వాదించడం మాత్రం కుదరదు. అడ్వకేట్స్ చట్టం, 1961 ప్రకారం ఆ హక్కు ఎన్‌రోల్ అయిన లాయర్లది. కానీ ఒక మనిషి సమస్య విని రాసుకోవచ్చు, అర్జీ రాయడంలో సాయపడొచ్చు, ఎక్కడికి వెళ్లాలో చెప్పొచ్చు. లాయర్ గానీ మాస్టారు గానీ పైన చూసేవాళ్లు ఉంటే ఇంకా మంచిది. లా కాలేజీల్లో న్యాయ సేవా క్లినిక్‌లు పెట్టించాలని లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987లోనే ఉంది.

అదే చట్టంలో 12వ సెక్షన్ ఫోన్‌లో నోట్ చేసి పెట్టుకోండి. ఉచితంగా లాయర్‌ని ఎవరికి ఇవ్వాలో అందులో ఉంది. ఎస్సీ, ఎస్టీలకి. మహిళలకి, పిల్లలకి, ఇక్కడ ఆదాయం ఎంతని అడగరు. వికలాంగులకి. కస్టడీలో ఉన్నవాళ్లకి. ఫ్యాక్టరీ కార్మికులకి. వీళ్లు కాక ఆదాయం పరిమితి లోపు ఉన్నవాళ్లకి. ఇంకొకటి ఉంది, మన డెల్టావాళ్లు రెండుసార్లు చదవాల్సింది: వరద బాధితులకి. అవునండి, వరద అనే మాట చట్టంలోనే ఉంది.

అంటే లంక నుంచి వచ్చిన ఆవిడకి రెండు దారులు తెరిచే ఉన్నాయి, మహిళగా ఒకటి, వరద బాధితురాలిగా ఒకటి. రాజమండ్రి కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100కి ఫోన్ కొట్టినా దారి చెప్తారు. మేం అర్జీ రాయకపోయినా, ఆ రోజు ఈ ఒక్క నంబరు చెప్పి పంపినా సరిపోయేది. మాకే తెలీదు. లా చదువుతున్నాం, ఆ సెక్షన్ మీద పరీక్ష కూడా రాశాం. అయినా బల్ల దగ్గర గుర్తురాలేదు.

ఇదంతా ఫారిన్ యవ్వారం, మన గోదావరి జిల్లాలకి ఎక్కడ కుదురుతుంది అనుకునేవాళ్లకి ఇప్పుడో మన కథ.

1878. మద్రాసు. ముత్తుస్వామి అయ్యర్ గారిని మద్రాసు హైకోర్టు జడ్జీగా వేశారు. ఆ కుర్చీలో భారతీయుడు కూర్చోవడం అక్కడ అదే మొదలు. ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉన్న పత్రికలు విరుచుకుపడ్డాయి. దానికి జవాబు చెప్పడానికి మనవాళ్లకి పత్రిక లేదు. అప్పుడు ట్రిప్లికేన్‌లో ఆరుగురు కుర్రాళ్లు కలిశారు. ఇద్దరు టీచర్లు, నలుగురు లా స్టూడెంట్లు. ఒక రూపాయి పన్నెండణాలు అప్పు చేసి 80 కాపీలు వేశారు. సెప్టెంబరు 20న బయటికొచ్చిన ఆ పత్రిక పేరు 'ది హిందూ'. ఇవాళ్టికీ వస్తోంది.

ఆ నలుగురు లా స్టూడెంట్లలో ఒకరు న్యాపతి సుబ్బారావు పంతులు గారు. చదువు అయ్యాక మన రాజమండ్రి వచ్చి లాయర్‌గా స్థిరపడ్డారు. మున్సిపల్ చైర్మన్ అయ్యారు, 'చింతామణి' పత్రిక నడిపారు, కాంగ్రెస్ ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. ఆంధ్ర భీష్మ అన్నారు ఆయన్ని.

నాకు ఇందులో నచ్చింది బిరుదు కాదు. లా స్టూడెంట్లు నలుగురూ లాయర్లయి ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. పత్రిక ఆగిందా? లేదు. ఉండిపోయిన ఇద్దరిలో సుబ్రహ్మణ్య అయ్యర్ గారు రాత పని, వీరరాఘవాచారి గారు నిర్వహణ పని చూసుకున్నారు. వారపత్రిక 1889లో దినపత్రిక అయింది. ఆరుగురిలో నలుగురు లేకపోయినా పని నిలబడింది, ఎందుకంటే ఎవరి పని ఏంటో తెలిసినవాళ్లు మిగిలారు.

స్టూడెంట్ టీమ్‌కి అసలు శత్రువు గొడవలు కాదు ఫ్రెండ్స్, క్యాలెండర్. సెమిస్టర్ పరీక్షలొస్తాయి, ఇంటర్న్‌షిప్‌లొస్తాయి, ఐదో ఏడు అయిపోతుంది. అందరం వెళ్లిపోతాం, అది ఖాయం. వెళ్లిపోతామని ముందే ఒప్పుకుని దానికి తగ్గట్టు కట్టుకోవాలి.

మేం మార్చుకున్నవి ఇవి. ఒకటి, ఒక లావుపాటి రిజిస్టరు. వచ్చినవాళ్ల పేరు, ఊరు, సమస్య, గడువు తేదీ, ఎవరు చూస్తున్నారు, అన్నీ చేత్తోనే రాస్తాం. ఫోన్ మారుతుంది, రిజిస్టరు మారదు. ఆ కాగితాల ఫొటోలు ఎవరి సొంత ఫోన్‌లోనూ ఉండకూడదు, అవి వాళ్ల గుట్టు. రెండు, క్లబ్‌కి ఒక సిమ్. అది పోస్టుతో పాటు చేతులు మారుతుంది. మూడు, ప్రతి అర్జీకి ఇద్దరు, ఒక సీనియర్, ఒక జూనియర్. నాలుగు, మా చేతిలో లేని పనికి "చేస్తాం" అనే మాట బంద్. "మా వల్ల కాదండి, ఇదిగో 15100, ఇదిగో కోర్టు దారి" అని అప్పుడే చెప్పేస్తాం. ఐదు, నవంబరు 9 అప్పగింత రోజు. 1995లో న్యాయ సేవల చట్టం అమల్లోకి వచ్చిన రోజు అది, దేశమంతా న్యాయ సేవల దినం చేస్తారు. ఆ రోజు పాత టీమ్ రిజిస్టరు ఒక్కో పేజీ చదివి కొత్త టీమ్‌కి ఇస్తుంది.

ఆ గోడ డబ్బు ఆవిడకి రాలేదండి. వచ్చిందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను. కానీ కిందటేడు ఆవిడే క్లబ్ నంబరుకి ఫోన్ చేశారట, పక్కింటి అమ్మాయి భరణం కేసు గురించి. నేనప్పటికి కాలేజీలో లేను. ఫోన్ ఎత్తిన జూనియర్ ఎవరో నాకు తెలీదు. రిజిస్టరులో రాసుకుని, అదే వారం న్యాయ సేవాధికార సంస్థకి పంపించారట. నన్ను అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అది విన్నప్పుడు నాకు భలే హాయిగా అనిపించింది.

కాబట్టి తమ్ముడూ, ఫొటో దిగారు కదా, బాగుంది. ఇప్పుడు కోటగుమ్మం దగ్గర ఏదో ఒక పుస్తకాల షాపుకెళ్లి ఒక రిజిస్టరు కొను. మొదటి పేజీలో ఎవరి పని ఏంటో రాయి. రెండో పేజీలో మీ అందరూ కాలేజీ వదిలే తేదీలు రాయి. మూడో పేజీ నుంచి జనం.

ఉంటానండి. మళ్లీ కలుద్దాం.