పిన్ను పట్టని పెట్టె

వీణకు తీగ తెగితే విద్వాంసుడు సభలోనే మరొక తీగ బిగించుకొని కచేరీ సాగిస్తాడు. ఎలెక్ట్రిక్ గిటారు సంగతి అలా కాదు. తీగలన్నీ సవ్యంగా వున్నా, వేళ్ళు పరుగులు తీస్తున్నా, ఆంప్లిఫయరుకు పిన్ను దూర్చే సాకెట్టు అరిగిందంటే వాద్యం మూగదయి పోతుంది.

పులివెందులకు దాపునున్న మా సింహాద్రిపురం వంటి వూళ్ళకు సైతం పెళ్ళికో తిరునాళ్ళకో ఆర్కెస్ట్రా వస్తే గిటారు వెంట వస్తుంది. మా మేనల్లుడు ఆ వాద్యంతోనే నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్నాడు. "మామా, పిన్ను కదిలితే గరగర, వదిలితే నిశ్శబ్దం. ఈ పెట్టె తెగనమ్మి కొత్తది తెచ్చుకుంటా" అన్నాడొకనాడు. కొత్త పెట్టె అంటే ఎన్ని కచేరీల కష్టం! సాకెట్టు వెల చూడబోతే పదుల రూపాయలలో వుంటుంది.

ఈ సాకెట్టు వంశం పాతదే. 1878లో అమెరికాలోని న్యూహేవెన్ నగరంలో టెలిఫోను ఎక్స్ఛేంజి వెలిసింది. ఆ తరువాత ఎక్స్ఛేంజీలలో ఒకరి లైనును మరొకరితో కలపటానికి వాడిన పావు అంగుళపు పిన్నే క్రమంగా వాద్యాలకు వచ్చింది. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని దేశదేశాలా వినిపించింది ఎలెక్ట్రిక్ మాండలిన్ మీదనే గదా!

సాకెట్టులో ముఖ్యమైనవి రెండు. పిన్ను కొనను పట్టుకునే వంకర స్ప్రింగు ఒకటి. పిన్ను ఒంటిని తాకే గొట్టం రెండవది. మొదటిదాని గుండా నాదం పోతుంది. రెండవది ఎర్తుకు కలిసి వుంటుంది. వేలసార్లు గుచ్చి లాగేసరికి స్ప్రింగు బిగువు సడలుతుంది, చిలుము పడుతుంది. ఎవరి కాలైనా వైరుకు తగిలితే లోపలి సోల్డరు అతుకు చిట్లుతుంది.

మార్చే ముందు వేరే వైరు పెట్టి చూడాలి. చాలాసార్లు దోషం వైరుదే. తరువాత కాంటాక్టు క్లీనరు చల్లి చూడాలి. బయటి నట్టు వదులైతే బిగించాలి గాని, లోపల సాకెట్టు తిరగకుండా పట్టుకోవాలి. లేకపోతే వైర్లు మెలిపడి తెగుతాయి.

ఇక పెట్టె విప్పటం. కరెంటు ప్లగ్గు పీకినంత మాత్రాన భయం తీరదు. వాల్వు ఆంప్లిఫయరు కండెన్సర్లలో 300, 400 వోల్టులు దాగి వుండవచ్చు. వాటిని ఖాళీ చేయటం తెలియనివారు పెట్టె విప్పక మెకానిక్కు నాశ్రయించటమే మేలు.

తెలిసినవారు మొదట ఏ వైరు ఏ కాలికుందో బొమ్మ గీసుకోవాలి. కొన్ని సాకెట్లలో పిన్ను తీయగానే నాదాన్ని ఎర్తుకు కలిపే అదనపు కాలు కూడా వుంటుంది. కొత్తదానికీ అది వుండాలి. పాతది ప్లాస్టిక్కుదైతే ప్లాస్టిక్కుదే వేయాలి. లోహపుది వేస్తే ఎర్తు రెండు దారులై హుమ్మనే మోత మొదలు కావచ్చు. పాత సోల్డరు తీసి, రోజిను సోల్డరుతో అతికి, మీటరుతో పరీక్షించాలి. సోల్డరులో సీసం వుంటుంది కనుక చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టాలి. మా మేనల్లుడి పెట్టె ఈ పద్ధతిలోనే బాగుపడింది; మెకానిక్కు దగ్గర కూర్చుని వాడే అన్నీ చూసి నేర్చుకున్నాడు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి. గిటారు తీగలు సాధారణంగా సాకెట్టు గొట్టం ద్వారా పెట్టె చట్రానికి కలిసి వుంటాయి. అంటే వాద్యగాని వేళ్ళు ఎప్పుడూ ఆ చట్రాన్ని తాకుతున్నట్లే. మోత పోతుందని మూడవ పిన్ను విరిచేవారున్నారు. అప్పుడు లోపల కరెంటు చట్రానికి తగిలితే, తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి వాయించే బిడ్డ ఒంట్లో గుండానే అది భూమికి పోతుంది. మీ ఇంట్లో గిటారు నేర్చుకునే పిల్లలుంటే, సాయంత్రం వాళ్ళు వాయించటానికి కూర్చోక ముందే ఆ ప్లగ్గుకు మూడు పిన్నులూ వున్నవో లేవో, గోడలోని సాకెట్టుకు నిజంగా ఎర్తు వుందో లేదో చూడండి.