పరీక్షలో పాసు... ఆకాశంలో ఫెయిలు!

శంషాబాద్‌లో లేచిన విమానం ఢిల్లీ చేరడానికి రెండు గంటలు పడుతుంది. గంటన్నర సాఫీగానే నడుస్తుంది. తీరా కిందికి దిగుతూ ఉండగా, నగరం దగ్గర పడుతున్న వేళకు తెర బిగుసుకుపోతుంది. ఏ మీట నొక్కినా పలకదు. మరుక్షణం విమానమూ ఉండదు, ఢిల్లీ ఉండదు.

కంగారు పడకండి, ప్రాణనష్టమేమీ లేదు. ఇది కంప్యూటరులో విమానం నడిపే ‘ఫ్లైట్ సిమ్యులేటర్’ సంగతి. 1982లో మైక్రోసాఫ్ట్ కంపెనీ దీన్ని మొదటిసారి అమ్మినప్పుడు తెరమీద నాలుగు గీతలే నేల, నాలుగు గీతలే రన్‌వే. 2020 ఆగస్టులో వచ్చిన దాంట్లో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా భూగోళం మొత్తాన్నీ పెట్టారు. 37 వేల విమానాశ్రయాలున్నాయి. ఓపిక ఉంటే మన ఊరి చెరువు మీదుగా కూడా విమానం తిప్పుకోవచ్చు. 2024 నవంబరులో ఇంకా కొత్తది వచ్చింది. ఇంత బరువు మోయాలంటే కంప్యూటరు గట్టిది కావాలి మరి.

ఇంజనీరింగు చదివే కుర్రాళ్ళున్న ఇళ్ళలో ఈ గొడవ పల్లెలకూ వచ్చింది. ఆట మధ్యలో ఆగిపోతే, “నాన్నా, గ్రాఫిక్స్ కార్డు పోయింది, కొత్తది కొనాలి” అంటాడు కుర్రవాడు. మంచి కార్డు ఖరీదు పాడిగేదె ఖరీదుకు తక్కువేమీ కాదు. డబ్బు తీసేముందు ఆ తండ్రి ఒక్క ప్రశ్న అడగాలి: “ఒరేయ్, ప్రాసెసరు స్పీడేమైనా పెంచావా?”

చివరి మడికి నీరందక...

ప్రాసెసరు అంటే కంప్యూటరుకు మెదడు. దాంట్లో గడియారంలాంటిది ఒకటి ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ అంటే ఆ గడియారం సెకనుకు 500 కోట్ల దెబ్బలు కొడుతుందన్నమాట. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య లెక్క ముగిసిపోవాలి. కంపెనీ నిర్ణయించిన వేగం కంటే ఈ దెబ్బలు పెంచడాన్నే ‘ఓవర్‌క్లాకింగ్’ అంటారు. ఆయిల్ ఇంజను గవర్నరును బిగించి చక్రం ఎక్కువ తిప్పించడం లాంటిదే.

కాలవ కింద వంతు నీళ్ళు పెట్టుకునే రైతుకు దీన్ని వివరించడం తేలిక. వంతు సమయం కుదిస్తే చివరి మడికి నీరు చేరకముందే తూము మూసేస్తారు. ప్రాసెసరులోనూ అంతే. సంకేతం చివరిదాకా చేరకముందే తరువాతి దెబ్బ పడితే, ఒకటి ఉండవలసిన చోట సున్నా పడుతుంది. ఆ ఒక్క తప్పుతో ఆట మూతపడవచ్చు, కంప్యూటరే నీలి తెర చూపించి ఆగిపోవచ్చు. మరి నీరు త్వరగా చేరాలంటే? పైనుంచి ఉధృతి పెంచాలి. ఇక్కడ ఉధృతి అంటే వోల్టేజి. అయితే ఉధృతి పెంచితే గట్లు కోసుకుపోతాయి గదా! వోల్టేజి 1.25 నుంచి 1.35కు పెంచితే, వేగం పెంచకపోయినా వేడి 17 శాతం దాకా పెరుగుతుంది. కారణం, వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరగడమే.

దీనికి తోడు మన ఎండలు. కూలర్ ఫ్యాను గదిలోని గాలినే విసురుతుంది తప్ప చల్లగాలిని పుట్టించదు. గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్పు కూడా దాదాపు పది డిగ్రీలు వేడెక్కుతుంది. సంక్రాంతికి నిక్షేపంగా నడిచిన కంప్యూటరు రోహిణీ కార్తెలో మొరాయిస్తే దిష్టి తగిలిందనుకోనక్కరలేదు.

పరీక్షలు ఎందుకు పట్టుకోలేవు?

“గంటసేపు టెస్టు పెట్టాను, పాసయింది. తప్పు ఆటదే” అనేది కుర్రాళ్ళ వాదన. ఈ వాదన వినడానికి బాగుంటుంది గాని నిలవదు. పరీక్ష ప్రోగ్రాము చిప్పులోని కోర్లన్నిటినీ ఒకేసారి దున్నిస్తుంది. విద్యుత్తు పరిమితి, వేడి పరిమితి తగిలి చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అంటే పెంచిన వేగానికి అసలు పరీక్షే జరగలేదన్నమాట.

సిమ్యులేటరు తీరు వేరు. పనిలో పెద్ద భాగం ఒక్క కోరు మీదే పడుతుంది, అది గరిష్ఠ వేగానికి ఎగబాకుతుంది. ఇంతలో పెద్ద నగరం వస్తుంది. ఆ భవనాలూ చెట్లూ విప్పి పరచడానికి మిగతా కోర్లన్నీ దిగ్గున లేస్తాయి. త్రీ ఫేజు కరెంటు రాగానే ఊరి మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే ఇంట్లో బల్బు మినుక్కుమంటుంది చూడండి, అలాగే చిప్పు లోపల వోల్టేజి క్షణంలో వెయ్యో వంతు కంటే తక్కువ కాలం కుంగుతుంది. కొసమీద నడుస్తున్న చిప్పుకు ఆ కుంగు చాలు.

తప్పు ఒకరిది, నింద ఒకరికి

ఈ రోగానికి పెద్ద ఉదాహరణ అమెరికాలోని ఇంటెల్ కంపెనీ వ్యవహారమే. 2022 అక్టోబరులో 13వ తరం, 2023 అక్టోబరులో 14వ తరం ప్రాసెసర్లు వచ్చాయి. పై రకం ఐ9-14900కె ఏకంగా 6 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. విడుదలనాటి ఖరీదు 589 డాలర్లు. కొన్ని నెలలు వాడాక చాలామందికి ఆటలు మధ్యలో ఆగిపోసాగాయి. కొన్ని ఆటల్లోనైతే ‘వీడియో మెమరీ చాలలేదు’ అని తెరమీద పడేది. అది చూసి జనం గ్రాఫిక్స్ కార్డులు మార్చారు. కార్డు పాపం ఏమీ ఎరగదు! మూటకట్టిన సమాచారాన్ని విప్పేచోట ప్రాసెసరు తప్పు లెక్క కడితే ఆ తప్పు కార్డు పేరుమీద బయటపడింది.

మదర్‌బోర్డు తయారీదార్లు కొందరు పోటీకొద్దీ 253 వాట్ల పరిమితిని ఎత్తివేసి అమ్మడం కూడా ఈ గొడవలో బయటికొచ్చింది. కొనుగోలుదారు చెయ్యి పెట్టకుండానే బోర్డు చెయ్యి పెట్టింది. చివరికి 2024లో ఇంటెల్ అసలు సంగతి చెప్పింది. చిప్పును నడిపించే మైక్రోకోడే అవసరానికి మించి వోల్టేజి అడుగుతోందని, దానివల్ల చిప్పులోని గడియారపు భాగం త్వరగా ముసలిదవుతోందని తేలింది. ఆగస్టులో ఒకటి, సెప్టెంబరులో మరొకటి దిద్దుబాట్లు వచ్చాయి. వాటిని బయాస్ అప్‌డేట్ ద్వారా ఎక్కించుకోవాలి. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్పును ఏ దిద్దుబాటూ బాగుచేయలేదు. మార్చుకోవలసిందే.

ఏం చేయాలి?

ముందుగా బయాస్‌లోకి వెళ్ళి అన్నీ ఫ్యాక్టరీ లెక్కకు తేవాలి. మెమరీకి పెట్టిన ఎక్స్.ఎం.పి. కూడా తీసేయాలి. “ప్రాసెసరు ముట్టుకోలేదు, ఎక్స్.ఎం.పి. ఒక్కటే పెట్టాను” అనేవారున్నారు గాని అదీ ఓవర్‌క్లాకింగే. తరువాత ఆగిపోయిన దారిలోనే, అదే విమానాన్ని, అదే వాతావరణంలో నడపాలి. మూడు నాలుగు ప్రయాణాలు క్షేమంగా ముగిస్తే దొంగ దొరికినట్టే.

అప్పుడూ ఆగిపోతోందా? సిమ్యులేటరును పూర్తిగా వెనకేసుకురావడానికి వీల్లేదు, దానికీ స్వంత లోపాలున్నాయి. బయటినుంచి తెచ్చి పెట్టుకున్న విమానాలు, విమానాశ్రయాలు ‘కమ్యూనిటీ’ ఫోల్డరులో ఉంటాయి. వాటిని పక్కన పెట్టి చూడాలి. విండోస్‌లోని ‘ఈవెంట్ వ్యూయర్’ తెరిచి డబ్ల్యు.హెచ్.ఇ.ఏ. లాగర్ పేరు వెతకాలి. 19 నెంబరు కనిపిస్తే తప్పు జరిగింది, యంత్రమే సర్దుకుంది. 18 అయితే సర్దుకోలేకపోయింది. ఆ పేరు కనిపించిందంటే చాలావరకు తప్పు ఆటది కాదు, యంత్రానిదే. మెమరీని మెమ్‌టెస్ట్86తో రాత్రంతా పరీక్షించవచ్చు.

మళ్ళీ పెంచుకుంటానంటే ఒకసారికి ఒక్కటే, 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచి వారంపాటు నడిపి చూడాలి. అంత తంటాలు పడి దక్కేదెంత? 5.5 నుంచి 5.7కు తెస్తే, సెకనుకు 50 బొమ్మలు వస్తున్నచోట 52 కూడా నిండవు. కంటికి తెలియని ఆ రెండు బొమ్మల కోసం రెండు గంటల ప్రయాణాన్ని పణం పెట్టడం మాకైతే గిట్టుబాటు బేరంగా కనిపించడం లేదు.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పుల్లో కొన్ని రకాలను డబ్బాలో విడిగా కొన్నవారికి మూడేళ్ళ వారంటీని 2024లో మరో రెండేళ్ళు పొడిగించారు. 2023లో వాటిని కొన్నవారికి 2028 దాకా గడువుంటుంది. బిల్లు చూపించాలి, పెంచిన వేగంతో నడిపిన చిప్పుకు పేచీ రావచ్చు. ఈ తరాల సరుకు ఇప్పుడు సెకండ్ హ్యాండులో చౌకగా వస్తోంది. కొనేవారు బిల్లు అడిగి తీసుకోవాలి, బయాస్ తేదీ చూడాలి. అమ్మేవాడి ఇంట్లోనే, ఫ్యాక్టరీ లెక్కమీద, మధ్యాహ్నపు వేడిలో ఒక పెద్ద నగరం మీద గంటసేపు విమానం నడిపించి, ఆ తరువాతే డబ్బు లెక్కపెట్టాలి.